బండి ఎంత ఇస్తుంది?

మా తమ్ముడి కారు మొదటిసారి మా వూళ్లోకి వచ్చిన రోజున చుట్టూ చేరినవాళ్లు దాని రంగు గురించి గాని, వేగం గురించి గాని ఒక్క ముక్క అడగలేదు. ఎర్రగా, నేలకు కాస్త వంగినట్లుగా, వెనక రెండు పొగగొట్టాలతో, నిలబడి వున్నా పరుగెత్తుతున్నట్లు కనిపించే బండి అది. గుడి దగ్గర టీ కొట్టు నడిపే పెద్దాయన ఒకసారి దాని చుట్టూ తిరిగి వచ్చి, ముందరి చక్రాన్ని కాలితో ఒక్క తాపు తన్ని, అడిగింది ఒకటే మాట:

"ఎంతిస్తది సారూ?"

తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక మాట మీద ధ్యాస పోవడం నాకు అలవాటు. గేదె పాలిస్తుంది, చెట్టు కాయలిస్తుంది, బండి మైలేజి ఇస్తుంది. కొలిచేది కిలోమీటర్లలో, పేరు మాత్రం మైళ్లది. ఆ వింత అలా వుంచండి. గేదె విషయంలో పితికే చెయ్యి మారితే పాలు మారతాయని మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో! నేనూ ఆ రోజున, యేదో పెద్ద తెలిసినవాడిలాగా, "కంపెనీ లెక్క ఇరవై అట" అని చెప్పి తలుపు వేసుకున్నాను.

మాది శ్రీరంగాపూర్, వనపర్తి జిల్లా. రంగసముద్రం చెరువు ఒడ్డున వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన రంగనాయకస్వామి గుడి వల్ల మా వూరి పేరు కొంతమందికైనా తెలిసి వుంటుంది. నేను పనిచేసే కాలేజీ వనపర్తిలో. ఇన్నేళ్లూ పెబ్బేరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొక బస్సు. పోనూ రానూ యాభై కిలోమీటర్ల దరిదాపు. జీవితంలో సగం బస్సు కిటికీ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతూ గడిచిపోయిందంటే అబద్ధం కాదు.

మా తమ్ముడు 2022లో హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి ఈ కారు కొన్నాడు. ఒక లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, టర్బో. గేర్లు చేత్తో మార్చుకునేదే. 2025 వేసవిలో వాడు డల్లాసు వెళ్లిపోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "అమ్మొద్దన్నా. అమ్మను నెలనెలా కర్నూలు డాక్టరు దగ్గరికి తిప్పడానికైనా పనికొస్తది" అన్నాడు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టు ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఆ మాట విన్న తరువాత వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టు నెల అంతా కాలేజీకి కారులోనే వెళ్లాను. నెలాఖరున మా ఆవిడ ఇంటి జమాఖర్చుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. పెట్రోలు 97 లీటర్లు. హైదరాబాదు వైపు గాని మా వైపు గాని 2025లో లీటరు 107 రూపాయల పైమాటే గనుక, మొత్తం పది వేల నాలుగు వందలు దాటింది. తిరిగింది 1,180 కిలోమీటర్లు. భాగించి చూస్తే లీటరుకు పన్నెండు, కాస్త పైన. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు మూడూ కలిపినా అంత లేదు.

ఆ రాత్రే తమ్ముడు ఫోను చేశాడు. మాటల్లో ఈ సంగతి చెప్పాను. వాడు నవ్వి, "దానికేముందన్నా, పెట్రోలు డబ్బులు నేను పంపుతాలే" అన్నాడు. వాడి మనసులో చెడ్డ వూహ లేదని నాకు తెలుసు. కాని వాడి ఇంజనీరింగు ఫీజు కోసం నేను ప్రావిడెంటు ఫండు మీద అప్పు చేసిన రోజులు నాకు చటుక్కున కళ్లముందు కదిలాయి. పెద్దవాడి చేతికి చిన్నవాడు డబ్బు పంపడం తప్పేమీ కాదు. బండిలో పోసుకు తాగడానికి పంపడం వేరు. మా ఆవిడ పక్కనే వుండి అంతా విన్నది. ఫోను పెట్టేశాక నెమ్మదిగా అన్నది:

"మూడు నెలలు చూద్దాం. ఆగస్టు అయిపోయింది, అది ఒకటి. అక్టోబరు ఆఖరుకు సగటున పదిహేను రాలేదనుకోండి, బండి అమ్మి ఆ డబ్బు మరిది పేర బ్యాంకులో వేద్దాం. ఎవరి డబ్బులూ మనకొద్దు."

ఒప్పుకున్నాను. ఆ మరునాడే ఒక నోటుబుక్కు కొన్నాను.

లెక్క రాయడం మా ఇంట్లో కొత్త కాదు. మా నాయన బావి మీద అయిదు హార్సుపవరు ఆయిలింజను పెట్టిన రోజుల్లో, సాయంత్రం ఇంజను ఆపగానే డీజిలు తొట్టిలో ఒక వెదురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు వున్నదో చూసి గోడ మీద సుద్దతో గీత గీసేవాడు. ఎన్ని మళ్లు తడిసినవి, ఎంత డీజిలు తగలబడింది, అంతా ఆ గోడ మీద వుండేది. నా పద్ధతీ ఇంచుమించు అదే. బంకులో పైపు మొదటిసారి 'టక్కు'మని ఆగినప్పుడు ఇక పోయవద్దనడం, మీటరు చూసి కిలోమీటర్లు రాసుకోవడం. తిరిగి నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో దానితో భాగించడం. వీలైతే అదే బంకు, అదే పైపు. కారులో అద్దం వెనక అంకెలు చూపే తెర ఒకటి వున్నది గాని, మా కారుది ఎప్పుడూ ఒక కిలోమీటరు ఎక్కువే చెప్తుంది. యజమాని మెప్పు కోరే గుమాస్తా లాంటిదన్నమాట.

ఇంతకీ ఇరవై అన్నది పన్నెండు ఎట్లా అయింది? కంపెనీ వాళ్లు అబద్ధమాడారా? ఆడలేదు. మన దేశంలో కార్ల మైలేజి పరీక్షలు చేసే సంస్థల్లో పేరున్నది పుణెలోని ఆటోమోటివ్ రిసెర్చ్ అసోసియేషన్, 1966లో పుట్టింది. అక్కడ బండి రోడ్డెక్కదు. చక్రాలు ఇనుప రోలర్ల మీద తిరుగుతాయి. రమారమి ఇరవై నిమిషాల పరీక్ష. ఎప్పుడు ఎంత వేగం వుండాలో ముందే గీసిన గీత ఒకటి వుంటుంది. దాని ప్రకారమే నడపాలి. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కొద్దిసేపే. ఏసీ వేయరు. గొర్రెల మంద అడ్డం రాదు. ఈ కొలతలో మారుతీ బలేనో ఆర్.ఎస్.కు 21.1, ఫోక్స్‌వాగన్ పోలో ఒక లీటరు టర్బోకు 18.24, టాటా ఆల్ట్రోజ్ టర్బోకు 18.13 వచ్చాయి. రెండు బళ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఈ అంకెలు మంచివే. మన ఇంటి ఖర్చుకు అవి జాతకచక్రం లాంటివి. గ్రహాలన్నీ అనుకూలిస్తే అట్లా జరగవచ్చు.

ఈ జాతి కార్లు మన దేశానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. 2013లో పోలో జి.టి. టి.ఎస్.ఐ., 1.2 లీటర్ల ఇంజనుతో 105 హార్సుపవరు ఇచ్చేది. 2015లో అబార్త్ పుంటో, 145. 2017లో బలేనో ఆర్.ఎస్., 102, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్, రెండూ 120. పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగిపోయింది; దాన్ని తలచుకుని నిట్టూర్చే కుర్రకారు మా కాలేజీలోనే వున్నారు. వేగం మీది మోజు, పెట్రోలు మీది దిగులు, రెండూ ఒకే గుండెలో పెట్టుకు తిరిగే మధ్యతరగతి మనుషుల కోసం పుట్టిన బళ్లివి.

టర్బో అంటే లారీల వెనకాల రాసి వుండే మాటగానే మనలో చాలామందికి తెలుసు. లాటిన్ భాషలో ఆ మాటకు బొంగరం అనీ, సుడిగాలి అనీ అర్థాలు. పేరుకు తగినదే. ఇంజను వదిలే పొగ వూరికే గొట్టంలోంచి పోకుండా, పోతూ పోతూ ఒక చిన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకొక చక్రం వుండి, బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. తిరిగే తిరుగుడు నిమిషానికి లక్ష చుట్ల పైనే. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే ఈ ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. పారబోసే గంజితో పశువుకు కుడితి పెట్టినట్లు, పోయే పొగతో పని చేయించుకోవడం.

పెట్రోలు కాలాలంటే తూకం లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్ల గాలి కావాలి. గాలి ఎక్కువ తోస్తే దానికి తగిన పెట్రోలూ లోపల పడుతుంది. కీలకమంతా ఇక్కడే వున్నది. కాలు తేలికగా ఆనించి నడిపినంతసేపూ అది ఒక లీటరు ఇంజనే. తిండి కూడా చిన్న ఇంజను తిండే. గట్టిగా తొక్కారా, ఆ బొంగరం వూపందుకుని లీటరున్నర ఇంజనుకు మించిన బలం వస్తుంది, ఆకలీ ఆ పెద్ద ఇంజనుదే వస్తుంది. పైగా బాగా తొక్కినప్పుడు లోపలి సెగ తగ్గించడానికి అవసరానికి మించి పెట్రోలు చిమ్మే ఏర్పాటు చాలా ఇంజన్లలో వున్నది. అంటే మనం కొన్నది ఒక బండి కాదు, రెండు. ఏ బండిలో ఎక్కామన్నది కుడికాలి బొటనవేలు చెప్తుంది.

ఇవన్నీ సెప్టెంబరు మొదటి వారానికి చదివి తెలుసుకున్నాను. తెలుసుకుని కూడా మారలేదు. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? నలభై ఆరేళ్లు బస్సు వెళ్లినప్పుడు వెళ్లి, ఆగినప్పుడు ఆగినవాణ్ణి. పెబ్బేరు దాటాక ముందర ఒక ట్రాక్టరు పోతూ వుంటుంది. కాలు నొక్కుతాను. ఒక్క క్షణం యేమీ జరగదు. మరుక్షణం వీపును ఎవరో తోసినట్లు బండి దూకుతుంది, ట్రాక్టరు అద్దంలో చుక్క అయిపోతుంది. ఆ ఒక్క తోపు కోసం వనపర్తి దాకా ఎన్ని ట్రాక్టర్లు దొరుకుతాయా అని చూసేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కేటప్పుడు నా నడకే మారిందని సహోద్యోగి ఒకాయన అన్నాడు కూడా.

ఈ వైభవానికి దేవుడే అడ్డుకట్ట వేశాడనుకోవాలి. సెప్టెంబరు మొదటి వారంలోనే, ఇంటి అరుగు దిగుతూ కుడి మడమ బెణికించుకున్నాను. మూడు వారాలు కాలు నేల మీద ఆనించవద్దన్నారు. సెలవు పెట్టే వీలు లేదు. దసరా సెలవులకు ముందు పరీక్షలు. మా ఆవిడకు డ్రైవింగు లైసెన్సు వున్నది. పెబ్బేరులో ఆవిడ పంతులమ్మ. నన్ను వనపర్తిలో దింపి, వెనక్కు వచ్చి బడికి పోయి, సాయంత్రం మళ్లీ వచ్చే పని పడకుండా, తిరుగు ప్రయాణానికి ఒక విద్యార్థి మోటారుసైకిలు మీద పెబ్బేరు దాకా తెచ్చి దింపే ఏర్పాటు చేసుకున్నాం. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి ఇంటికి.

పక్క సీట్లో కూర్చుని చూస్తే గాని నాకు బోధపడలేదు. ఆవిడ చేసేది యేమీ లేదు. అదే విశేషం. పొద్దున బండి స్టార్టు చేసి పది నిమిషాలు గుర్రుమనిపించదు. వెంటనే కదిలించి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోనిస్తుంది. ఇంజను చల్లగా వున్నప్పుడే ఎక్కువ తాగుతుంది, ఆగి వున్నప్పుడు తాగింది దూరం లెక్కలోకే రాదు. గేర్లు నాకంటే ముందుగా మారుస్తుంది. ముల్లు రెండు వేల చుట్లు చూపేలోపే పై గేరు. ఈ టర్బో ఇంజన్లకు రెండు వేల లోపలే మంచి పట్టు వుంటుంది గనుక బండి మూలగదు. నేను మూడో గేరులో అరిపించేచోట ఆవిడ అయిదో గేరులో పాట వింటూ పోతుంది.

అన్నిటికంటె, ఆవిడ చూపు దూరంగా వుంటుంది. మా రోడ్డు మీద స్పీడుబ్రేకర్లకు లెక్క లేదు. నేనైతే దాని మీదికి దూసుకుపోయి బ్రేకు తొక్కుతాను. దాటగానే మళ్లీ యాక్సిలరేటరు తొక్కుతాను. పెట్రోలు పోసి కొన్న వేగాన్ని బ్రేకు పలకల మీద వేడి చేసి గాలికి వదలడమన్నమాట. ఆవిడ నూరు గజాల ముందే కాలు తీసేస్తుంది. బండి గేరులోనే వుండి తనంతట తాను నెమ్మదిస్తుంది. ఇక్కడ ఒక రహస్యం వున్నది. గేరులో వుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి గనుక ఇప్పటి బళ్లలో పెట్రోలు చిమ్మడం పూర్తిగా ఆగిపోతుంది. పొదుపు అనుకుని న్యూట్రల్ చేసేవాళ్లున్నారే, వాళ్ల ఇంజను ఆరిపోకుండా వుండడానికి పెట్రోలు తాగుతూనే వుంటుంది. అదీగాక న్యూట్రల్‌లో బండి మన చేతిలో వుండదు.

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు?" అని అడిగాను.

"నేర్పేదేముంది? కుక్కరు కూత పెట్టగానే మంట తగ్గించనూ?" అన్నది.

శనివారాలు మాత్రం ఆవిడకూ తప్పలేదు. పెబ్బేరు సంత రోజు అది. ఎడ్లు, గొర్రెలు, వాటిని దింపే ఆటోలు, బేరగాళ్లు. కదిలి ఆగి, ఆగి కదిలి పోవాలి. రైల్వే గేటు దగ్గరో, సంత దగ్గరో బండి నిలబడి గుర్రుమంటుంటే గంటకు అర లీటరు పైనే ఆవిరి. ఏసీ వేస్తే ఇంకాస్త. ఆవిడ ఇంజను ఆపేసి కూర్చునేది. నేనైతే చెమటకు ఓర్చుకోలేక గొణిగేవాణ్ణి.

సెలవులు ఇచ్చిన రోజున ట్యాంకు నింపి లెక్క చూశాను. 860 కిలోమీటర్లు, 49 లీటర్ల అర. పదిహేడు పాయింటు నాలుగు! ఇంకొకసారి భాగించాను. అదే వచ్చింది. అదే బండి, అదే రోడ్డు, అదే బంకు. నోటుబుక్కు మూసి దిండు కింద పెట్టుకున్నాను గాని, ఆవిడ అప్పటికే చూసేసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

దసరా వెళ్లాక మా అమ్మాయిని హైదరాబాదులో హాస్టలుకు దింపవలసి వచ్చింది. నా మడమ బాగుపడింది, కాలు దురద పెడుతున్నది. పెబ్బేరులో ట్యాంకు నింపి నలభై నాలుగో నెంబరు జాతీయ రహదారి ఎక్కాం. రోడ్డు అద్దంలా వున్నది. కొత్తకోట, అడ్డాకుల, జడ్చర్ల. ముల్లు నూట పది మీదనే నిలబెట్టాను. హైదరాబాదులో మళ్లీ నింపితే, 165 కిలోమీటర్లకు పదకొండున్నర లీటర్ల పైన పట్టింది. పద్నాలుగు. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ ఒక్కటే కోరింది, ఎనభై అయిదు దాటవద్దని. పెబ్బేరు చేరి నింపితే ఎనిమిదిన్నర లీటర్లు. పందొమ్మిది పాయింటు నాలుగు!

పోయేటప్పుడు ఎక్కుడు వున్న మాట నిజమే. కృష్ణ ఒడ్డు పల్లపు నేల నుంచి హైదరాబాదుకు పోవడమంటే రెండు వందల మీటర్ల పైచిలుకు పైకి ఎక్కడం. కాని ఆ ఎత్తుకు ఈ బరువు బండిని మోయడానికి ఖర్చయ్యేది పావు లీటరు చిల్లర. మిగిలిన రెండున్నర లీటర్ల పైన గాలి మింగింది. వేగం పెరిగితే గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు. వేగాన్ని వేగంతో గుణించినట్లు పెరుగుతుంది. ఎనభై నుంచి నూట పదికి పోతే గాలి తోపు దాదాపు రెట్టింపు. మా నాయన ఆయిలింజను లెక్కలో చెప్పాలంటే, ఇంత కారు ఎనభైలో సాఫీగా పోవడానికి అటువంటి ఇంజన్లు రెండు చాలు. నూట పదిలో నాలుగు కావాలి. మా బండి మూత కింద అటువంటివి ఇరవై పైన కట్టి వున్నాయి. అన్నిటికీ ఎప్పుడూ పని చెప్పాలని లేదు. ఇంతా చేసి నేను హైదరాబాదుకు ముందుగా చేరింది ఇరవై అయిదు నిమిషాలు. అందులో పది నిమిషాలు షాద్‌నగర్ దాటాక టీ తాగడానికి పోయాయి.

పెట్రోలు మారిన సంగతి కూడా ఒక మాట చెప్పాలి. బంకుల్లో పోసేది ఇప్పుడు ఒట్టి పెట్రోలు కాదు, నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు. 2030 నాటికి అనుకున్న ఈ గమ్యాన్ని ప్రభుత్వం ముందుకు జరిపి 2025లో చేరుకున్నది. లీటరు ఇథనాలులో వుండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులు. కనుక కొంత తగ్గుదల తప్పదు. పాత బళ్లలో నూటికి ఆరేడు, దీనికోసమే సరిచేసిన కొత్త బళ్లలో ఒకటి రెండు అని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా. మా బండి ఈ రెంటికీ నడుమ పుట్టింది. ఇథనాలుకు వేడిని ఓర్చే గుణం ఎక్కువ గనుక టర్బో ఇంజనుకు కొంత మేలూ లేకపోలేదు. తమ మైలేజి సగానికి పడిపోయిందనీ, అదంతా ఇథనాలు పాపమేననీ అనేవాళ్లు మాత్రం ఒకసారి చక్రాల్లో గాలి చూసుకోవాలి. నేను చూసుకుంటే ముందరి రెండింటిలో చెప్పినదానికంటె ఆరు పౌన్లు తక్కువ వున్నది. జూన్ నుంచీ చూసిన పాపాన పోలేదు.

అక్టోబరు నెల నేనే నడిపాను, బుద్ధిగా. బుద్ధి అంటే పూర్తిగా కాదు; వారానికి ఒక ట్రాక్టరును వదలకుండా. కోతలు మొదలై సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో ఎదురు బండికి దారి ఇస్తూ, ఆగుతూ పోవలసి వచ్చింది. అయినా 1,210 కిలోమీటర్లకు 75 లీటర్లు. పదహారు.

నెలాఖరు రాత్రి, అమ్మ మంచం పక్కనే లెక్కకు కూర్చున్నాం. అమ్మాయి కూడా రెండు రోజుల కోసం వచ్చి వున్నది. ఇంటర్ రెండో సంవత్సరం, ఎం.పి.సి. నేను నాలుగు అంకెలు వేశాను: ఆగస్టు పన్నెండు పాయింటు రెండు, సెప్టెంబరు పదిహేడు పాయింటు నాలుగు, హైదరాబాదు పోనూ రానూ కలిపి పదహారు పాయింటు నాలుగు, అక్టోబరు పదహారు పాయింటు ఒకటి. కలిపి నాలుగుతో భాగిస్తే పదిహేనున్నర.

"నెగ్గాను" అన్నాను.

"అట్ల కాదు నాన్నా" అన్నది అమ్మాయి. "సగటుల సగటు సగటు కాదు. తిరిగిన దూరమంతా కూడు, తాగిన పెట్రోలంతా కూడు. అప్పుడు భాగించు."

దూరం 3,580. పెట్రోలు 241 లీటర్లు, పైన ఆరు. పద్నాలుగు పాయింటు ఎనిమిది.

నేను ఒప్పుకోలేదు. పాఠం చెప్పేవాడికి పాఠం వినడం కష్టం. అప్పుడది కాగితం మీద ఇట్లా చూపించింది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో మైలేజి పన్నెండు నుంచి పద్నాలుగుకు పెరిగితే నూరు లీటర్ల చోట 86 పడుతుంది. పద్నాలుగు లీటర్లు మిగులు. అదే పద్దెనిమిది నుంచి ఇరవైకి పెరిగితే 67 చోట 60, మిగులు ఏడే. పెరిగింది రెండూ రెండేసి కిలోమీటర్లే. అంచేత ఒక చెడ్డ నెల చేసిన నష్టాన్ని ఒక మంచి నెల పూడ్చలేదు. పన్నెండు ఇచ్చిన నెలలో నేను వాడిన 97 లీటర్లు, వాళ్లమ్మ వాడిన 49 లీటర్ల పక్కన అదే బరువుతో కూర్చోవు. మైలేజి అంకె మాయ చేస్తుంది, లీటర్లు చేయవు. ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందని కాక, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తీసుకున్నదని ఐరోపాలో లెక్క కడతారట. ఆ రాత్రి దాకా అది నాకు వట్టి తలకిందుల పద్ధతిగా కనిపించేది.

మా ఆవిడ కలం తీసుకుని జమాఖర్చుల పుస్తకంలో 14.8 అని రాసి, కింద గీత గీసింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మంచం మీద నుంచి అమ్మ అన్నది: "సోమారం కర్నూలు పోవాల గద నాయనా. ఎట్ల పోదాము మరి?"

"నేను తోలుతానత్తా" అన్నది మా ఆవిడ, పుస్తకం మూస్తూ.

నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి తమ్ముడికి పంపాను, ఆగస్టు పేజీతో సహా. డబ్బు పంపవద్దని వేరే రాయనక్కర లేకపోయింది. వాడు గంట తరువాత ఫోను చేశాడు.

"నీకు ఎంత ఇచ్చేదిరా?" అని అడిగాను.

"నేనెన్నడు లెక్క చూసుకోలేదన్నా" అన్నాడు. "ఆఫీసు కార్డు మీద కొట్టిస్తుంటి."

నవంబరు పేజీలో రెండు గళ్లు గీశాము, ఒకటి ఆవిడకు, ఒకటి నాకు. ఆవిడ గడిలో 17.9 వున్నది. నా గడిలో 16.6.